ఎవరి నీళ్లో చెప్పకుండా పోయిన నల్లా చాచా

నల్లా చాచా పోయాడన్న సంగతి నాకు మహబూబాబాద్‌లో, మా బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చునే వేళ తెలిసింది. జనగామ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "చాచా పోయిండు బిడ్డా" అంది. ఎక్కడంటే తనకూ తెలియదంది. జనగామలో చాచా ఇల్లు మా వీధి చివరే. ఆ ఇంటికి తాళం వేసి ఉందట. హన్మకొండ దవాఖానలో పోయాడని ఒకరు, భూపాలపల్లిలో కూతురింట్లో పోయాడని ఇంకొకరు చెబుతున్నారట. నేను బస్టాండులో నిలబడి ఏ ఊరి బస్సు ఎక్కాలో తెలియక, వచ్చిన బస్సునల్లా వదిలేస్తూ ఉన్నాను. అందరి ఇళ్లలోనూ నీళ్లు ఎక్కడ కారుతున్నాయో వెతికిపెట్టిన మనిషి, తాను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకుండా చేసుకున్నాడని ఏడుపులోనూ కొంచెం నవ్వొచ్చింది.

మా వైపు కుళాయిని నల్లా అంటారు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది, మా వీధిలో మాత్రం ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. కుళాయి బిగించడం, పైపు అతికించడం ఎవరైనా చేస్తారు. చాచా పని వేరు. గోడ ఎందుకు చెమ్మగిల్లుతోంది, సంపులో నీళ్లు ఎటు ఇంకిపోతున్నాయి, స్లాబు కింద వేలాడే చుక్క ఎక్కడ పుట్టింది, ఇవీ ఆయన వెతికేవి. ఆయన సామానంతా ఒక ఇనుప చువ్వ, ఒక నీలిమందు డబ్బా. చువ్వ ఒక కొన గోడకు ఆనించి, రెండో కొనను పళ్లతో కరచి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ట్యాంకులో నీలిమందు కలిపి, ఆ నీలం ఎక్కడ తేలుతుందా అని గోడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

ఆయన గొప్ప నిపుణుడని చెబితే ఆయనే ఒప్పుకోడు. తప్పులు బాగానే చేశాడు. ఒకసారి బయ్యారంలో ఒకరింటి గోడ మీద ఎర్రటి మరక చూసి, పైపు తుప్పు పట్టిందని వాకిలంతా తవ్వించాడట. ఆ ఊరి మట్టే ఇనుపమట్టి, తడి తగిలితే ఏ గోడైనా ఎర్రబడుతుందని తవ్విన తర్వాత ఆ ఇంటి ముసలమ్మ చెప్పిందట. "నన్ను ముందుగాల్ల అడుగొద్దా అని తిట్టింది బేటా. తిట్టి అన్నం బెట్టింది" అని ఆయనే మాకు చెప్పి నవ్వేవాడు. ఏదీ తేలనప్పుడు "సమజ్ కాలే" అని నిర్భయంగా అనేవాడు. నేను లెక్కలు చెప్పే మనిషిని. తేలని లెక్క ఉంటే నాకు అన్నం సహించదు. ఆయనకు తేలకపోవడమే ఇష్టమేమో అనిపించేది. "జర పరేషాన్ గావాలె బేటా. పరేషాన్ గానోనికి నీళ్లు దొరకయి" అనేవాడు.

ఇక మా ఇంటి గోడ సంగతి. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. పక్కింట్లో కృష్ణా జిల్లా నుంచి నేను పుట్టకముందే వచ్చి స్థిరపడిన సారు, ఆంటీ ఉండేవారు. సారు ఇక్కడి బడుల్లోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను పుట్టినప్పుడు అమ్మకు పథ్యం వండిపెట్టింది ఆంటీయే. రెండిళ్ల మధ్య గిన్నె ఒకటి తిరుగుతూ ఉండేది. పప్పు పోసుకుని వెళ్లిన గిన్నె పచ్చడితోనో, ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలతోనో తిరిగి వచ్చేది. ఖాళీ గిన్నె వాపసు ఇవ్వడం ఇద్దరికీ తెలియని పని.

తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన ఏడాది. ఆఫీసులు మూసి ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బాపు పొద్దున్నే దీక్షా శిబిరానికి వెళ్లి సాయంత్రం గులాల్, ఆ ఉద్యమపు గులాబీ రంగు పొడి, నిండిన చొక్కాతో వచ్చేవాడు. అప్పుడే మా నడిమి గదిలో, ఆ ఉమ్మడి గోడ మీద చెమ్మ మొదలైంది. పాత మట్టిగోడ, పైన సున్నం. చెమ్మ చూస్తుండగానే చాట వెడల్పు అయింది. ఆంటీ వాళ్ల స్నానాల గది నీళ్లని బాపు, మా సంపు నీళ్లని సారు. అంతవరకు మామూలు తగవే. ఒకరోజు శిబిరంలో మైకు చేతికొచ్చిన సంబరంలో బాపు ఒక మాట అన్నాడు. "మన నీళ్లు కింద ఆంధ్రకు పోతున్నయని గీడ కూసున్నం. మా ఇంట్ల ఉల్టా. ఆళ్ల నీళ్లే మా గోడల కొస్తున్నయి." అందరూ నవ్వారు. కూరగాయల సంచీతో అటుగా వెళుతున్న సారు విన్నారు.

మర్నాడు గిన్నె తిరిగి వచ్చింది. శుభ్రంగా తోమి, తుడిచి, ఖాళీగా. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడిపోయింది. వారం తిరక్కుండానే సారు ఇల్లు అమ్మకానికి పెట్టారని, విజయవాడలో చూసుకుంటున్నారని తెలిసింది. అమ్మ బాపుతో మాట్లాడడం మానేసింది. "నేనేదో మామూలుగ అన్న" అని బాపు గొణిగేవాడు కానీ పక్కింటి గడప తొక్కేవాడు కాదు.

చాచాను పిలిచింది అమ్మే. ఆయన శిబిరం నుంచి నేరుగా, భుజాల మీద గులాల్‌తోనే వచ్చాడు. మా ట్యాంకులో నీలిమందు కలిపాడు. డబ్బా అక్కడికే అయిపోయింది. సారు వాళ్ల ట్యాంకుకు ఇంకో రంగు కావాలి కదా. జేబులో ఉన్న గులాల్ పొట్లం తీసి అందులో గుమ్మరించాడు.

కాసేపటికి ఆంటీ బియ్యం గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. కడుగు నీళ్లు, బియ్యం, ఆమె చేతులు, అన్నీ గులాబీ రంగు. "మా నీళ్లలో కూడా కలిపారా? ఇన్నేళ్లు ఉన్నాక మాకు ఇదా?" అంది. చాచాకు ఏం జరిగిందో అర్థం కాలేదు. "రంగే గదమ్మా, నీలం అయిపోయింది, జేబుల గిది ఉండె" అంటూ మమ్మల్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక ఆయన మొహం నేను చూడలేకపోయాను. ఆయన మిద్దె ఎక్కి, ట్యాంకు ఖాళీ చేసి, లోపలికి దిగి తన తువ్వాలతో రంగు పోయేదాకా తుడిచాడు. మా గోడ మీద చెమ్మ నీలంగా మారలేదు, గులాబీ కాలేదు. మారేంత సమయం వాటికి ఇచ్చామో లేదో కూడా ఎవరికీ తెలియదు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆంటీ గడప ముందు నిలబడి, "నాకు ఒక్క చెవే పనిజేస్తదమ్మా. మీరు ఆ దిక్కు నుంచి గోడ కొట్టాలె, ఈ అమ్మ ఈ దిక్కు కొడతది. డొల్లగ ఏడ ఇనవడ్తదో చెప్పాలె" అన్నాడు. ఆంటీ సారు వైపు చూసింది. సారు పేపరులోంచి తల ఎత్తకుండా, "కొట్టు, పోయేదేముంది" అన్నారు. అమ్మ కొట్టింది. అవతల నుంచి ఆంటీ, "వినపడిందని చెప్పు" అంది, చాచాతో. పక్కనే ఉన్న నేను ఆ మాట ఆయనకు చెప్పాను. "నాకు చెప్తే నాకు ఇనవడదమ్మా. ఆమెకే చెప్పురి, గట్టిగ" అన్నాడు ఆయన, చువ్వ పళ్లతో కరుచుకుంటూ.

కాస్త ఆగి అమ్మ అడిగింది. "ఇనవడ్తుందా వదినె?"

"వినపడుతోంది వదినా."

పొద్దంతా అదే పని. గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి, పై నుంచి కిందికి. చాచా మధ్యమధ్యలో తల ఊపుతూ, మళ్లీ మొదటి నుంచి కొట్టమనేవాడు. మధ్యాహ్నానికి "చెయ్యి నొప్పెడుతోంది వదినా" అని ఆంటీ, "పప్పుగుత్తితో కొట్టు వదినె" అని అమ్మ. ఆ తర్వాత గోడకు రెండు వైపులా నవ్వు వినిపించింది. వంటింటి గుమ్మంలో నిలబడిన బాపు గొంతు సవరించుకుని బయటికి వెళ్లిపోయాడు.

చివరికి చాచా ఒకచోట మసిబొగ్గుతో గీత గీసి, ఇద్దరినీ చాయ్ పెట్టడానికి పంపాడు. నన్ను ఇసుక తెమ్మన్నాడు. మేం తిరిగి వచ్చేసరికి గోడ తవ్వడమూ, సిమెంటు పూయడమూ అయిపోయింది. లోపల ఏముందో ఎవరం చూడలేదు. "పాత పైపు. మీ ఇండ్లు కట్టకముందుది. మీది గాదు, ఆళ్లది గాదు" అన్నాడు. "మరి ఎవరి నీళ్లు చాచా?" అన్నాను. "గోడయి" అని చాయ్ ఊదుకున్నాడు.

చలికాలానికి గోడ ఎండింది. బాపు ఒక సాయంత్రం వెళ్లి, "నోరు జారింది సారూ" అన్నాడు. "మాటే కదండీ, పోనివ్వండి" అన్నారు సారు. ఇద్దరూ తర్వాత కూడా కొంచెం బిగుసుకునే మాట్లాడుకునేవారు. ఇల్లు మాత్రం అమ్మలేదు. రాష్ట్రం వచ్చింది. గిన్నె తిరుగుతూనే ఉంది. చాచా కనిపించినప్పుడల్లా నేను అదే ప్రశ్న వేసేదాన్ని. ఆయన అదే జవాబు చెప్పేవాడు. నిజంగా ఆ గోడలో పైపు ఉందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. లేకపోతే చెమ్మ ఎలా ఆగింది?

భూపాలపల్లి అని చివరికి రూఢి అయింది. నేను రేగొండ దాటేసరికే పొద్దు వాలుతోంది. వెళ్లేసరికి కబ్రస్తాన్‌లో మట్టి కూడా ఇచ్చి వచ్చారు. చాచా భార్య, మా చాచి, కూతురింటి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చాచా గురించి ఒక్కొక్కటే చెప్పుకున్నాం. మాటల్లో అడిగాను, చాచాకు పనిచేయని చెవి ఏదని. ఎందుకంటే ఆయన ఒకసారి కుడిచెవి, ఒకసారి ఎడమచెవి గోడకు పెట్టడం నాకు గుర్తుంది.

"ఏ చెవి ఏంది బేటా? రెండూ పోయినయి" అంది చాచి. "ఈడ బొగ్గుబాయిల పంపుల కాడ పనిజేసిన దినాలల్లనే పోయినయి. నా నోరు జూసి మాట తెలుసుకునేటోడు. నీళ్ల సప్పుడు పళ్లకు తెలుస్తదంటుండె."

"మరి మా గోడ ఎందుకు కొట్టించిండు? పొద్దంతా కొట్టిండ్రు అమ్మా, ఆంటీ."

చాచి నా మొహంలోకి చూసింది. "నాకేం ఎరుక? అందరి ఇండ్లల్ల కొట్టిస్తుండె గదా?"

నాకు తెలియదు. ఇంకెవరి ఇంట్లోనూ నేను చూడలేదు. అది ఉపాయమా, ఆయన అలవాటా, మేం కొట్టే చప్పుడు పళ్లకు ఏమైనా చెప్పేదా, చాచి కూడా చెప్పలేకపోయింది. నాకు దుఃఖం వచ్చింది. ఇంత ప్రేమగా తలుచుకునే మనిషిని నేను సరిగ్గా ఎరగనేలేదా అని దుఃఖం.

జనగామ వచ్చి అమ్మకు చెప్పాను. "రెండు చెవులూనా? మేం కొడుతుంటే తలకాయ ఊపుతుండె గద" అంది అమ్మ. లేచి నడిమి గదిలోకి వెళ్లి, అప్పటి సిమెంటు అతుకు మీద వేళ్లతో తట్టింది. నేను అతుకు పక్కన చెవి పెట్టి కళ్లు మూసుకున్నాను. కొంతసేపటికి చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. అమ్మ మళ్లీ కొడుతోందో, అవతల నుంచి ఆంటీ కొడుతోందో, గోడకు చెవి పెట్టిన నాకు తెలియలేదు.