వరహాలు వేసిన నీలం సముద్రం

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి పేర్లు రాసే వరహాలుకు ఒక్కటే కోరిక ఉండేది. తాను చేసిన పని పక్కన తన పేరు కనబడాలి. ఓస్, ఇంతేనా అంటారేమో! పదహారేళ్లుగా ఊళ్లోవాళ్ల పేర్లు రాసినవాణ్ణి అడిగితే తెలుస్తుంది. ఓనర్ల పేర్లు రాశాడు, వాళ్ల కూతుళ్ల పేర్లు రాశాడు, దేవుళ్లందరి పేర్లూ రాశాడు. రాసిందెవరని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

అంతకుముందు ఇరవై రెండేళ్లు సముద్రం మీద చేపల వేటకి వెళ్లాడు. ఒకనాడు ఒడ్డుకి వస్తుంటే అల విరిగేచోట తెప్ప తిరగబడి, దాని అంచు మోకాలి మీద పడింది. కాలు కుంటిదయ్యాక కుంచె పట్టాడు.

గోపాలపట్నం జయంత్ రొయ్యలు కొనడానికి వచ్చి ఆ కుంచె పనితనం చూశాడు. జయంత్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం వస్తే అతనూ, ఓ ఎనిమిది మంది స్నేహితులూ వాళ్ల మేడ మీద చేరి, బల్ల మీద బొటనవేలంత సైనికుల్ని నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి యుద్ధాలు ఆడతారు. దానికో క్లబ్బు కూడా ఉంది.

"ఏటి బాబూ, పెద్దోలు ఆడీ ఆటేనా ఇది?" అని నవ్వాడు వరహాలు మొదట్లో. కానీ రంగులు వేయమని జయంత్ ఇచ్చిన బొమ్మ చేతికొచ్చాక నవ్వు మానేశాడు. కుంచెలో నాలుగు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేశాడు. చొక్కా గుండీలు, బూటు తాళ్లు, రెండ్రోజులు గీసుకోని గడ్డం, అన్నీ వేశాడు. క్లబ్బువాళ్లు భూతద్దం పెట్టి చూసి ముక్కున వేలేసుకున్నారు.

ఆ ఏడాది విశాఖలో ఓ హోటల్లో పోటీ పెట్టారు. బెంగళూరు, హైదరాబాదు క్లబ్బులు కూడా వస్తున్నాయి. జయంత్‌కి మంచి ఆలోచనే వచ్చింది. నలభై రెండులో జపాన్‌వాళ్లు విశాఖ మీద బాంబులు వేశారు కదా, వేసి ఊరుకోకుండా మన ఒడ్డున దిగి ఉంటే? ఆ ఒడ్డు, ఆ సముద్రం, దిగే సైన్యం, మొత్తం ఒక బల్లంత బోర్డు మీద చేయాలి.

"బోర్డు ముందు కార్డు పెడతాం బాబాయ్. తయారీ వరహాలు అని," అన్నాడు జయంత్.

ఆ మాటతో వరహాలుకి నిద్ర కరువైంది. రెండు నెలలు ఇల్లంతా థర్మాకోల్ ముక్కలు. ఒడ్డు ఇసక తెచ్చి కుళాయి నీళ్లలో నాలుగుసార్లు కడిగాడు. ఉప్పు మిగిలితే తర్వాత చెమ్మ పట్టి రంగు లేచిపోతుంది. ఇక నీళ్ల దగ్గరకొచ్చేసరికి తనకి తెలిసినదంతా పోశాడు. ఒడ్డున బూడిద రంగు, అలల కింద ఇసక కలిసిన మట్టి రంగు, దాటాక ఆకుపచ్చ, ఆ పైన నలుపు. అలలు ఒడ్డుకి ఏటవాలుగా వస్తాయి. పెద్ద అలలు వరసగా విరిగాక కాసేపు నీళ్లు సద్దుమణుగుతాయి. తెడ్డేసి తెప్పని ఒడ్డుకి కొట్టాలంటే ఆ సందులోనే కొట్టాలి. అందుకని సైనికుల పడవల్ని అలల అవతలే ఆపి ఉంచాడు.

చేపలమ్మి వచ్చిన చిట్టమ్మ గంప దించి మొగుడి సముద్రాన్ని చాలాసేపు చూసింది.

"ఎనకాల ఇంకో కెరటం వత్తంది మావా. అదెల్లిపోనీ, అప్పుడు కొట్టమను," అంది పడవల వైపు చూపిస్తూ.

అంతకంటే మెప్పు వరహాలుకి ఇంకేం కావాలి? అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

మర్నాడు జయంత్ వచ్చి మొహం చిట్లించాడు. "ఇదేంటి బాబాయ్, బురదలా ఉంది! సముద్రమంటే బ్లూగా ఉండాలి కదా. బోట్లేమో దూరంగా నిద్రపోతున్నాయి. నురగలో పెట్టు, యాక్షన్ కనబడాలి."

"అక్కడెడితే తిరగబడిపోద్ది బాబూ."

"ఎవరు చూడొచ్చారు? ఫోటోలో బాగుంటే చాలు. నీకు కుదరదంటే చెప్పు, వాటర్ పార్ట్ బెంగళూర్‌లో చేయించేస్తాం. అప్పుడు కార్డు మీద వాళ్ల పేరు వేయాలి మరి."

పేరు మీద అంత ఆశ పెట్టుకున్నవాణ్ణి ఏ మాటతో కట్టేయాలో ఆ కుర్రాడికి బాగా తెలుసు. ఆ సాయంత్రమే వరహాలు నీలం డబ్బా మూత తీశాడు. పడవల్ని పీకి సరిగ్గా అల విరిగేచోట అతికించాడు. తన మోకాలు పోయింది అలాంటిచోటే. అయినా అతికించాడు, ఏం చెప్పాలి మనిషి ఆశ గురించి! చిట్టమ్మ చూసింది. గంప తీసుకుని లోపలికెళ్లిపోయింది.

పోటీ రోజున చిట్టమ్మ హార్బర్‌లో చేపల వేలంపాటకి వెళ్లడం మానుకుని, గంగమ్మ పండక్కి కట్టే చీర కట్టుకొచ్చింది. బోర్డు ముందు అందమైన కార్డుంది. దాని మీద క్లబ్బు పేరుంది, జయంత్ పేరుంది. వరహాలు ఆ కార్డుని రెండుసార్లు చదివాడు. అక్షరాలు రాసుకు బతికేవాడు, పొరబడటానికి లేదు.

"ప్రింటింగ్‌లో మిస్సయింది బాబాయ్, తర్వాత చూద్దాం," అన్నాడు జయంత్ అటు చూస్తూ.

ఇంతలో జడ్జి వచ్చారు. శ్రీరామ్మూర్తి గారని, నేవీలో చేసి రిటైరైన పెద్దమనిషి. కళ్లద్దాలు సర్దుకుని సైనికుల్ని ఒక్కొక్కర్నీ చూశారు.

"అద్భుతం. ఈ బొమ్మలకి రంగులు వేసిందెవరు?"

"మా క్లబ్ వర్కేనండి," అన్నాడు జయంత్.

వరహాలు ప్రాణం చివుక్కుమంది. నోరు తెరిచేలోగా ఆయన నీళ్ల మీదికి వంగారు. ఆయన మొహం మారింది.

"మన తీరమని రాశారు. మన నీళ్లు ఇలా ఉంటాయా? పడవ ఇక్కడుంటే ఒక్కడు బతకడు. బొమ్మలు వేసిన చెయ్యి వేరు, ఇది వేరు. ఇది చేసినాయన సముద్రం మొహం చూసి ఉండడు."

"వాటర్ పార్ట్ మాది కాదు సార్," అన్నాడు జయంత్ వెంటనే. "హార్బర్‌లో వరహాలని ఒకాయనకిచ్చాం. అదిగో, ఆయనే."

ఇన్నాళ్లకి, అంతమంది ముందు, వరహాలు పేరు పైకి వినబడింది.

శ్రీరామ్మూర్తి గారు మర్యాదస్తుడు. "తప్పుగా అనుకోకండి," అన్నారు. "మీరెప్పుడైనా సముద్రంలోకి వెళ్లారా?"

వెళ్లానంటే, తెలిసుండి ఈ తప్పుడు పని ఎందుకు చేశావని అడుగుతారు. కార్డు మీద పేరు కోసమని చెప్పాలి. ఆ కార్డు అక్కడే ఉంది, అందరూ చదువుతారు. ఆ సిగ్గు కంటే తెలియనివాడు అనిపించుకోవడమే నయమనిపించింది.

"లేదండి," అన్నాడు వరహాలు. "బోట్లకి పేర్లు రాత్తానండి. అంతే."

"అదీ సంగతి. హార్బర్‌లోనే ఉన్నారుగా, ఓసారి ఎవరితోనైనా వెళ్లి చూడండి," అని భుజం తట్టి ఆయన పక్క బల్లకి వెళ్లిపోయారు.

చిట్టమ్మ అప్పటికే గుమ్మం దాటింది. వరహాలు కుంటుకుంటూ బస్టాపు దాకా వచ్చి ఆమెని అందుకున్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

"నన్ను నీకిత్తన్నప్పుడు మా అయ్యనందరూ అడిగారు, ఈడికేటుందని ఇత్తన్నావని," అంది. "ఈడికి సముద్రం తెల్సు, అదొక్కటీ సాలన్నాడు మా అయ్య. ఇయ్యాల నువ్వే లేదన్నావు మావా."