మూత కింద ఈస్ట్

కార్ఖానా ఏరియాలోని మా కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నాకూ, నా జోడీగా వేసిన అమ్మాయికీ కలిపి ఒక జన్యువు ఇచ్చారు. ఈస్ట్ కణంలో దాని పనేమిటో తేల్చాలి. దెబ్బతిన్న డీఎన్ఏను అది బాగుచేస్తుందని మా గైడ్ మేడమ్ అనుమానం. అది నిజమైతే, ఆ జన్యువు తీసేసిన ఈస్ట్ అతినీలలోహిత కాంతి కింద మామూలు ఈస్ట్ కంటే ఎక్కువగా చావాలి.

చావలేదు. రెండూ ప్లేట్ల నిండా ఒకేలా పెరిగాయి. కాంతి కింద ఉంచే సమయం పెంచాం. మళ్ళీ పెంచాం. అయినా అంతే.

నాకొచ్చిన జన్యుశాస్త్రమంతా లైబ్రరీలో కూర్చుని సొంతంగా చదువుకున్నదే. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకిష్టం కూడా. కొన్ని సూక్ష్మజీవులు మామూలు వెలుతురు సాయంతో తమ డీఎన్ఏను బాగుచేసుకుంటాయని అలాగే చదివాను. తప్పు మా కిటికీలదేనని తేల్చి, మోండా మార్కెట్‌లో నల్లగుడ్డ కొని వాటికి కట్టేశాను. ల్యాబంతా ఒకటే ఉక్క.

సీనియర్ ఒకాయన తొంగిచూశాడు. "ఏందీ, ల్యాబ్ బంద్ చేసి ఫోటో స్టూడియో షురూ చేసిన్రా?"

"అవునన్నా, నీ పెండ్లి ఫోటోలే కడుగుతున్నం. జెర ఆగు," అంది నా జోడీ.

ఆ చీకట్లోనూ రెండూ పెరిగాయి. మేడమ్‌కు విసుగొచ్చింది. "శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ తేడా రాకపోతే ఆ ఈస్ట్ స్ట్రెయిన్‌ను ఫ్రీజర్‌లో పెట్టేసి, సబ్బుల ప్రాజెక్ట్ తీసుకోండి."

ఏ సబ్బుకు ఎన్ని క్రిములు చస్తాయో ఏటా ఎవరో ఒకరు తేలుస్తూనే ఉంటారు. మా జన్యువు సంగతి అలా కాదు. దాని గురించి నేను వెతికిన ఏ పుస్తకంలోనూ లేదు. అలాంటి జవాబొకటి నా చేతికి అందేలా ఉండటం అదే మొదటిసారి. దాన్ని వదిలి సబ్బులా?

బుధవారం అతినీలలోహిత దీపం వేస్తూ నా జోడీ మీద కేకలేశాను. "గాగుల్స్ పెట్టుకోవేం? కళ్ళు పోతాయ్!"

"గింత పల్చని ప్లాస్టిక్ ఏం ఆపుతదే?"

"మొత్తం ఆపేస్తుంది. ఆ కాంతి దాన్ని దాటి రాదు."

ఆమె దీపం కింది ప్లేట్ల వైపు చూసింది. "గట్లయితే వాటి మూతలు సుత ప్లాస్టిక్కే కదనే?"

మూత తీస్తే బూజు పడుతుందని మొదటి రోజు నుంచీ మాకు తిట్లతో నూరిపోశారు. అందుకే మూతలతోనే పెడుతూ వచ్చాం. ఇన్నాళ్ళూ మా ఈస్ట్‌కు ఆ కాంతి తగలనే లేదు. కిటికీల గురించి అంత చదివిన దాన్ని, మూత గురించి ఏ పుస్తకమూ చెప్పలేదని మండిపడ్డాను. వెంటనే మూతలు తీసి, ఎప్పటిలాగే అంతసేపూ ఉంచాం.

శుక్రవారానికి ప్లేట్లు నున్నగా, ఖాళీగా ఉన్నాయి. ఏమీ చావడం లేదని మేం పెంచుకుంటూ పోయిన సమయం రెండింటినీ చంపేసింది.

మేడమ్ ప్లేట్లు పైకెత్తి చూసింది. "మొన్నటిదాకా ఏదీ చావలేదు. ఇవాళ ఏదీ బతకలేదు. తేడా ఎక్కడుందమ్మా?"

"మేడమ్, టైమ్ తగ్గించి ఇంకొక్కసారి..."

"సెమిస్టర్ ఆగదు కదా."

స్ట్రెయిన్ ఫ్రీజర్‌లోకి పోయింది. సోమవారం నా జోడీ సబ్బులు కొనుక్కొచ్చి బల్ల మీద పరిచింది. "దేంతోని షురూ చేద్దామే?"

"ఏదైతే ఏంటే," అన్నాను.