కాతేరు సున్నపు బట్టీలో దొరికిన ముళ్లజీవి

రాజమండ్రిలో ఆడపిల్లల మిషను బడిలో నేను చదువు చెప్పే రోజుల్లో బడికి పెద్దగా ఒక దొరసాని గారు ఉండేవారు. ఆవిడకి సముద్రపు ముళ్లజీవులంటే పిచ్చి. కాకినాడ వైపు జాలర్ల వలల్లో ఇవి పడుతుంటాయి. తినడానికి పనికిరావని ఇసకలో పారేస్తారు. బతికున్నప్పుడు ఒళ్లంతా ముళ్లే. చచ్చి ముళ్లు రాలిపోయాక ఒక గుల్ల మిగులుతుంది, దాని మీద సన్నటి చిల్లులు ఐదు పట్టీలుగా కనపడతాయి. ఆ గుల్లలు కడిగి, తెగలవారీగా చెక్కపెట్టెల్లో సర్దే పని నాకు అప్పజెప్పారు.

తెగ తెలుసుకోవడానికి మొదట మలద్వారం ఎక్కడుందో చూడమన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గుండ్రటి వాటికి నోరు అడుగున, ఆ ద్వారం సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. వాటికి ముందూ వెనకా లేదు. రెండో తెగలో అది నెత్తి మీంచి జారి అంచు వైపుకి వచ్చేస్తుంది. అలాంటివి బిళ్లల్లాగానో, తమలపాకులాగా ఒకవైపు నొక్కుపడో ఉంటాయి, వీపు మీద ఐదు పూరేకుల్లాంటి గుర్తులు విచ్చుకుని ఉంటాయి. రాళ్లల్లో వెతికితే పాత పొరల్లో అన్నీ గుండ్రటివే దొరుకుతాయట. రేకులవి ఎంతో పై పొరలకి వచ్చాక గానీ కనపడవట. మా నాన్న సువార్త బోధకుడు. ఇదంతా ఆయనకి చెప్తే, “రాళ్ల వయసు దొరసాని గారికెలా తెలిసిందే?” అన్నాడు. ఆ అనుమానం నాక్కూడా ఉండేది, కానీ అడగలేదు.

ఊరికి పక్కనే కాతేరులో నల్లరాతి పొరల మధ్య సున్నపురాయి ఉంది. అందులో ఆల్చిప్పలు రాళ్లై ఇరుక్కుని ఉంటాయి. ఒకప్పుడు ఉప్పునీళ్లు అక్కడిదాకా ఉండేవన్నమాట. ఆల్చిప్పలున్న చోట ముళ్లజీవి ఎందుకుండకూడదని దొరసాని గారి ఆశ. అక్కడ గోతిలో రాయి తవ్వించి సున్నం కాల్చే ఆసామి మా బడికి వెల్లవేయించడానికి వచ్చినప్పుడల్లా ఆవిడ అడిగేవారు. ఆయన “చూస్తానండి” అని, నా వైపు అదోలా చూసి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆసామి కండువా కొంగులో ఒక రాయి తెచ్చాడు. తమలపాకు ఆకారం, వీపు మీద ఐదు రేకులు, ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

“మా బట్టీ దగ్గర దొరికిందండి,” అన్నాడు.

దొరసాని గారు రాయిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. మద్రాసు మ్యూజియం దొరలకి ఆరోజే రాస్తానన్నారు. ఆసామి కూర్చోమన్నా కూర్చోలేదు, ఏ పొరలో దొరికిందంటే “కూలీలనడగాలండి” అని గబగబా మెట్లు దిగిపోయాడు. ఇన్నాళ్లూ లేనిది ఇంత చక్కటిది ఒక్కసారి ఎలా ఊడిపడిందా అని నాకప్పుడే అనుమానం వచ్చింది.

కడగమని రాయి నా చేతికిచ్చారు. కాతేరు రాయి నాకు బాగా తెలుసు. పసుపుపచ్చగా, గట్టిగా ఉంటుంది, ఎంత తోమినా ఎక్కడో నల్లమట్టి మిగులుతుంది. ఈ రాయి చిల్లుల్లో తెల్లటి పొడి. వేలికి అంటుకుంది. పిల్లల పలక తీసుకుని మెల్లిగా గీశాను. బడిసుద్దలాగా తెల్లగా గీత పడింది.

పలక తీసుకెళ్లి చూపించాను. దొరసాని గారి మొహం ఎర్రబడింది.

“నీవు అందరినీ సందేహించెదవు,” అన్నారు తన పుస్తకాల తెలుగులో. “ఆ మనుష్యుడు నన్నెందుకు మోసగించవలెను?”

“అదే నాకూ తెలీడం లేదండి. కానీ ఇది ఆ గోతి రాయి కాదండి.”

 సాయంత్రానికి ఆవిడ, మద్రాసుకి మొదలుపెట్టిన ఉత్తరం పక్కనపెట్టి, పొద్దున్నే బండి కట్టించమన్నారు. నన్నూ రమ్మన్నారు.

కాతేరులో బండి దిగేసరికి తవ్వే వాళ్లు గునపాలు ఆపి నిలబడ్డారు. గోతిలో దిగి చూశాం. అన్నీ ఆల్చిప్పలే, పచ్చరాయే. తెల్లసుద్ద ఎక్కడా లేదు. బట్టీ వెనకాల మాత్రం గుల్లసున్నానికి తెచ్చిన నత్తగుల్లల కుప్ప ఉంది. అక్కడ గుల్లలు ఏరుతున్న ఒకావిడ్ని, రేకుల రాయి ఎక్కడిదమ్మా అనడిగాను.

“ఈ కుప్పలోదేనండి. మీ బంగళా కొట్టులోంచి మీ తోటమాలి గుల్లలూ తెల్లరాళ్లూ తట్టల్తో తెచ్చి పోశాడు కదండీ. తెల్లరాళ్లు ఎప్పుడో కాల్చేశాం. అదొక్కటే బాగుందని అయ్యగారు తీసి ఉంచారండి.”

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొరసాని గారు ఆ కుప్ప పక్కనే ఒక రాయి మీద కూలబడ్డారు. ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు, ఆ బంగళాలో అంతకుముందుండి జ్వరంతో పోయిన దొరగారి సామాను కొట్టులో ఉండిపోయింది. రాళ్లపెట్టె ఒకటి ఉందని నౌకరు చెప్తే మూత కూడా తీయకుండా పారబొయ్యమన్నారట. ఆ దొరగారిది ఇంగ్లండులో సుద్దకొండలున్న తీరం. ఈ ఆకారపు ముళ్లజీవులు అక్కడి సుద్దలో పుట్టలుగా దొరుకుతాయట.

“నేనే కాల్పించితిని,” అన్నారు ఆవిడ.

అప్పటికి ఆసామి పరుగున వచ్చాడు. నాకు కోపం ఆగలేదు. “గోతిలోది కాదని మీకు తెలుసు కదండీ. ఎందుకిలా చేశారండీ?”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. “బట్టీ దగ్గర దొరికిందనే అన్నానండి, గోతిలో అన్లేదు. ఎదురడుగుతున్నానని అనుకోకండి పంతులమ్మ గారూ. సున్నం కాల్చుకునే గోతిలో దొరసాని గారికేం పనండి? సముద్రం అంటారు, పొరలంటారు. రేపు సర్కారు వాళ్లొచ్చి గొలుసులేసి కొలిచి, ఇది మా నేలంటే నేనేం చెయ్యను? మా గోతిలో ఎంత తవ్వినా మరోటి దొరకని రాయిస్తే, కొన్నాళ్లు వెతికి విసుగెత్తి మీరే పోతారనుకున్నానండి.”

మా మీద ఆయనకి అన్నాళ్ల నుంచీ అంత అనుమానం ఉందని నాకు తోచనే లేదు. ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని గారు లేచి ఆయన ఎదురుగా నిలబడ్డారు.

“నాకు నేల వద్దు. సర్కారువారితో నాకు పని లేదు. ఇక్కడ ఆ జీవి యుండెనా లేదా, అది మాత్రమే తెలియవలెను.”

ఆసామి నా మొహంలోకి చూశాడు, “నిజమేనా?” అన్నట్టు. నిజమేనండి అన్నాను. ఆయన పాకలోకి వెళ్లి ఒక పచ్చటి రాతిముక్క తెచ్చాడు. ఆల్చిప్పల మధ్యలో రేగుపండంత ఉబ్బు. దాని మీద చిల్లుల పట్టీలు రెండు స్పష్టంగా, మూడోది సగం.

దొరసాని గారు భూతద్దం పెట్టి చూసి చూసి, నాకిచ్చారు. నేనూ చూశాను. నెత్తి చితికిపోయింది, అడుగు రాతిలో కలిసిపోయింది. ఆ ద్వారం నడినెత్తినుండేదో అంచుకి జారిందో చెప్పే దారి లేదు. ముళ్లజీవే, ఏ తెగదో తెలీదు.

“ఇట్టివి ఇంకను ఉన్నవా?” అన్నారు.

“ఎన్నో వచ్చుంటాయండి. మేమే చూళ్లేదు!” అన్నాడు ఆసామి. “రాయి బద్దలు కొట్టడం, బట్టీలో వెయ్యడం. అంతేనండి.”

ఆవిడ ఆ ముక్క మద్రాసు పంపించారు. ఇంత చితికిన దాన్ని ఏ తెగలోనూ చేర్చలేమని వాళ్లు తిప్పి పంపారు. ఆసామి మాత్రం ఏడాది దాకా మా బడి వైపు వస్తే ముందు వీధిలో సర్కారు బండి ఏదైనా ఆగి ఉందేమో చూసుకుని గాని లోపలికొచ్చేవాడు కాదు. వచ్చాక మాత్రం కూర్చుని మజ్జిగ తాగేవాడు. ఒకసారి తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, ఆ గుండ్రటి గుల్లలు దీనికి చూపించండి పంతులమ్మ గారూ అన్నాడు. పెట్టె తెరిచి చూపించాను.