వెటూరియా చెక్కించిన పళ్ళచక్రం

రెషిట్సా పట్నంలోని ఇనుప కార్ఖానాలో వెటూరియా ముప్పై ఒక్క ఏళ్ళు చెక్క నమూనాలు చేసింది. ఇనుము పోత పోయాలంటే ముందు ఇసుకలో అచ్చు తీయాలి, దానికి నమూనా కావాలి. నమూనాలో గోరంత తేడా ఇనుములో కొండంత అవుతుంది. ఆమె చేతి నుంచి వచ్చినదాన్ని ఎవరూ రెండోసారి కొలిచేవారు కాదు. అరవై రెండో ఏట ఆ చేతులకే వణుకు పట్టుకుంది. ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టరు.

"ప్రాణం సంగతి నేనడిగానా?" అని ఆమె ఇంటికొచ్చి ఉలులన్నీ నూనెగుడ్డలో చుట్టేసింది.

రెండేళ్ళు చేతులు ముడుచుకు కూర్చుని, చివరికి ఒక చిన్న సి.ఎన్.సి. యంత్రం తెప్పించుకుంది. కంప్యూటర్లో గీసిన గీత వెంట దాని కత్తి తనంతట తానే చెక్కను చెక్కుతుంది. విడిభాగాలుగా వచ్చిన దాన్ని తొమ్మిదంతస్తుల భవనం కింద, బట్టలారేసే గదిలో బిగించింది. భవనం బాగోగులు చూసే ఆకిమ్ చప్పుడు విని మొదటి రోజే దిగివచ్చాడు.

"మహాతల్లీ, ఇది బట్టలారేసే గదా, పళ్ళ డాక్టరు గదా?"

ఆ జూలైలో నెరా లోయ నుంచి పిండిమర నడిపే ట్రాయిలా అనే ఆయన వచ్చాడు. ఏటి నీటితో తిరిగే ఆ మర పళ్ళచక్రం విరిగింది. పట్నంలో మిగిలిన ఒక్క పోతశాల ఆ గురువారం పోత పోసి, ఆగస్టంతా మూసేస్తుంది. మొక్కజొన్న చేతికొచ్చేలోపు మర తిరగాలి. పన్నెండేళ్ళు ఆరిన బేరిచెక్క పలక ఒకటి నమూనా కోసం సంచిలోంచి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇంకోటి లేదక్కా. ఆ చెట్టు పోయింది."

సోమవారం పనికిరాని చెక్క మీద ప్రయత్నించింది. యంత్రం సగంలో టక్కున ఆగిపోయింది. కత్తి యంత్రం అంచుకు తగిలిందని కంప్యూటర్ చెప్పింది. చూస్తే అంచు జానెడు దూరంలో ఉంది! మళ్ళీ నడిపితే మళ్ళీ ఆగింది. ఆగినప్పుడల్లా తానెక్కడుందో మరిచిపోతుంది, కంటి అంచనాతో మొదలుపెడితే పంటి మీద మెట్టు పడుతుంది. స్క్రూలు బిగించింది, కత్తి అంచుకొస్తే యంత్రాన్ని ఆపే అంచు స్విచ్చులు తుడిచింది, తీగలు మార్చింది. మంగళవారం ఆరుసార్లు ఆగింది. మధ్యలో ఒక్కసారి మాత్రం రెండు గంటలు ఆగకుండా నడిచింది. ఆ రెండు గంటలే ఆమెను తొలిచేశాయి.

బుధవారం పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే తట్టింది. ఆ రెండు గంటలూ లిఫ్టు చెడిపోయి ఉంది. యంత్రం నడుస్తుండగా వెళ్ళి లిఫ్టు బొత్తాం నొక్కింది. పైన మోటారు ధడ్‌మంది. కింద యంత్రం ఆగింది. లిఫ్టు కదిలినప్పుడల్లా పుట్టే కరెంటు కుదుపు అంచు స్విచ్చుల తీగల్లోకి దూరుతోంది! కవచమున్న తీగ కావాలి, అది శుక్రవారం గాని రాదు. లిఫ్టు ఆపమని అడగడానికి నోరు రాలేదు. ఎనిమిదో అంతస్తులో చక్రాల కుర్చీ మనిషి ఉంది.

వెటూరియా అంచు స్విచ్చుల తీగలు పీకేసింది. ఇక లిఫ్టు ఏమీ చేయలేదు. కానీ యంత్రం గుడ్డిదైంది, దారి తప్పితే ఎవరో ఒకరు దాన్ని ఆపే ఎర్రబొత్తాం నొక్కాలి. బొటనవేలు దాని మీద పెట్టి చూసింది. అవసరం లేకుండానే నొక్కేసేలా వేలు కొట్టుకుంటోంది.

అప్పుడే తలుపు దగ్గర ఆకిమ్. "ఇవాళా మొదలెట్టారా?"

"గోల తర్వాత చేద్దురు గానీ, ఇలా కూర్చోండి. బొత్తాం మీద వేలుంచండి. నేను అరిస్తే నొక్కండి."

"అరవకపోతే?"

"ఊపిరి కూడా గట్టిగా వదలొద్దు."

ఏ మూడ్‌లో ఉన్నాడో, కూర్చున్నాడు. బేరిచెక్క మీద కత్తి దిగింది. మూడు గంటలు. లిఫ్టు ధడ్‌మన్నప్పుడల్లా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు, కత్తి మాత్రం ఆగలేదు. పన్ను తర్వాత పన్ను తేలింది. ఆకిమ్ వేలు తిమ్మిరెక్కి తెల్లబడినా కదల్లేదు.

చివరి పన్ను సగంలో ఉండగా వెటూరియాకి గుర్తొచ్చింది. పని అయ్యాక యంత్రం అంచు స్విచ్చు తగిలేదాకా పైకి పోయి, తర్వాత పక్కకి జరుగుతుంది. తానే కంప్యూటర్లో అలా రాసింది. ఇప్పుడా స్విచ్చు తీగలు బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు ఆపితే పన్ను పాడవుతుంది. ఆపకపోతే కత్తి పైకి పోతూనే ఉండి యంత్రాన్నే గుద్దుకుంటుంది.

"ఆకిమ్, కత్తి చెక్క వదలగానే! ముందు కాదు!"

కత్తి చివరి మలుపు తిరిగింది. లేచింది.

"నొక్కు!"

ఆకిమ్ ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. యంత్రం పైభాగంలో ఫట్‌మంది, కత్తిని మోసే పట్టీ వంగింది, యంత్రం ఆగింది. ఆమె వణికే వేళ్ళతోనే పళ్ళన్నీ తడిమింది. నలభై ఎనిమిది. ఒక్కదానికీ గీత లేదు.

"లేటు చేశానా?" అన్నాడు ఆకిమ్ నీళ్ళు నములుతూ.

"చేశారు. యంత్రానికి తగిలింది, చక్రానికి తగల్లేదు. పట్టీ నేను మార్చుకుంటాను."

గురువారం పోత పోశారు. మర ఆగస్టు చివర్లో తిరిగింది, ట్రాయిలా మొక్కజొన్న పిండి మూట దింపి వెళ్ళాడు. ఆకిమ్ బట్టలారేసే గది తలుపుకి కాగితం అంటించాడు: యంత్రం వేళలు ఎనిమిది నుంచి పన్నెండు. వెటూరియా పన్నెండు కొట్టేసి ఒంటిగంట అని రాసింది. ఆయన మళ్ళీ దిద్దలేదు.