రాహేలమ్మ కల్లంలో క్రీప్‌మీటర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, సత్తెనపల్లి దాటాక ఒక ఊరి మిరప పొలాల్లో మా సర్వే బృందం క్రీప్‌మీటర్ పెట్టింది. భూమి లోపలి రాతిలో ఉండే పాత పగులును ఫాల్ట్ అంటాం. కొన్నిచోట్ల దాని రెండు వైపులూ భూకంపం లేకుండానే, ఏడాదికి గోరు మందమంత జారుతుంటాయి. అదే క్రీప్. పగులుకు అటూ ఇటూ దిమ్మెలు కట్టి మధ్య తీగ లాగితే ఆ కదలిక తెలుస్తుంది.

ఒక దిమ్మెకు, మిరప రైతు రాహేలమ్మ గారు కాయలు ఆరబోసే కల్లంలో ఒక మూల కావాల్సి వచ్చింది. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, బేరమాడి జాగా ఉచితంగా సంపాదించాను. దిమ్మె చుట్టూ వేసే మా కంచెను కాస్త తన కల్లం వైపు పొడిగించమని ఆవిడ అడిగితే సరేనన్నాను. కల్లానికి పందుల బెడద మా ఖర్చుతో తీరిందని మా డ్రైవరు చెబితే గానీ నాకు వెలగలేదు.

మార్చిలో తీగ బాగా కదిలింది. క్రీప్ దొరికిందని ఆఫీసులో మిఠాయి పంచాను. కబురు ఊరికీ చేరింది. కల్లం పక్కనే రాహేలమ్మ గారి కొత్త ఇంటికి ముగ్గు పోసిన మేస్త్రీ, జారే నేలలో పునాది తీయనని వెళ్లిపోయాడు.

"ఏం బాబూ, నా ఇల్లు మీ తీగకు వేలాడదీశారా?"

"కాస్త ఆగండమ్మా, చూసి చెప్తాను."

"ఇన్నేళ్లూ గుడిసెలో ఆగిందాన్నే. వానలు ఆగుతాయా?"

మర్నాడు సాయంత్రం వెళ్తే, ఆవిడ ఎండిన మిరపకాయల మీద బిందెతో నీళ్లు చల్లుతున్నారు.

"ఎండినకాయకి నీళ్లెందుకమ్మా?"

"తడపకపోతే రేపు బస్తాల్లో తొక్కేటప్పుడు చిట్లిపోద్ది. మీకు కారం తినటమేనా తెలిసింది?"

ఆ నీళ్లు పట్టా అంచు నుంచి జారి మా దిమ్మె మొదట్లో ఇంకుతున్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుందని నాకు తెలుసు. మార్చి ఎండల్లో కల్లంలో తడి ఉంటుందని మాత్రం ఊహించలేదు. ఇంతకుముందు కాయ తడిపినప్పుడు ఇలాగే ఉబ్బిన మట్టి దిమ్మెను తోసింది, ఫాల్ట్ కాదు. దిమ్మెను రాయి తగిలేదాకా దించి కట్టించాం. ఆ తర్వాత కల్లం తడిపినా తీగ ఉలకలేదు.

ఆ సంగతి మేస్త్రీకి నేనే చెప్పాను. "రేగడేనా? దాని సంగతి నాకొదిలేయండి. లోతుగా తీసి ఇసుక పోస్తాను," అని పలుగు అందుకున్నాడు.

"దొరకనిదానికి ఆఫీసంతా మిఠాయి పంచారంటగా," అన్నారు రాహేలమ్మ గారు, "ఈ పునాదికి ఊరంతా పంచాలి."

"మీ వీధి వరకు."

"ఊరంతా. చర్చి వాళ్లతో సహా."

ఊరంతా పంచాను. భూమి మీద నేరం మోపే ముందు దాని మీద ఎవరేం పోస్తున్నారో చూసుకోవాలని ఆ కల్లంలోనే నేర్చుకున్నాను. ఇంకోటి కూడా నేర్చుకున్నాను: రాహేలమ్మ గారితో బేరానికి దిగకూడదు.