చిన్నాన్న వెళ్ళని భూటాన్

మొన్న యాంగోన్‌లోని సంచౌంగ్ బజారులో ఎవరో పాత స్వెట్టర్ల మూట విప్పితే, కలరా ఉండల వాసనకి చిన్నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చిన్నాన్న యాంగోన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి గోల్‌కీపరు. హిమాలయాల్లో, భూటాన్‌లో జరిగే విదేశీ క్లబ్బుల పోటీకి వాళ్ళ జట్టుని పిలిచారు. మామ్మ మందపాటి స్వెట్టరు కొంది. జట్టు బయల్దేరిన రోజు చిన్నాన్న మాత్రం తామ్వే పేటలో మా ఇంట్లోనే కూర్చున్నాడు.

"ఎల్లలేదేటి చిన్నాన్నా?"

"నాకు సలి పడదమ్మా" అన్నాడు, స్వెట్టరు మడతపెడుతూ.

నేను నమ్మేశాను. చలికి భయపడ్డాడని వీధంతా చెప్పాను. పిల్లలు ఆయన్ని చూడగానే వణుకుతున్నట్టు నటించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్ళకి మైదానానికి వెళ్ళడం మానేశాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత పాస్‌పోర్టు కోసం ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా నా గుర్తింపు కార్డు రంగు చూసి, ఇది పూర్తి పౌరుల రంగు కాదని వెనక్కి తోసేశాడు. మీ తాతలు ఇక్కడివాళ్ళు కారు, మీకు రాదన్నాడు. మా ఇంట్లో అందరి కార్డులదీ, చిన్నాన్న కార్డుదీ, అదే రంగు.

ఇంటికొచ్చి చిన్నాన్నని అడిగాను. "ఆరోజే సెప్పలేదేటి?"

"సెప్తే, నువ్వూ ఎక్కడికీ ఎల్లలేవని సెప్పినట్టే కదమ్మా."

ఆయన చలికి భయపడ్డాడన్న మాట వీధిలో పుట్టించింది నేనేనని ఒప్పుకోడానికి నాకు నోరు రాలేదు.