ఎడమ చక్రం కోసం చిత్తూరు ప్రయాణం

నగరికి పోవలసిన నేను చిత్తూరు బస్సు ఎందుకెక్కానో ముందు చెప్పాలి.

మా ఇల్లు తిరుపతిలో. నాయనకు బట్టల కొట్టు, నేనూ అందులోనే కూర్చుంటాను. ఎనభైలలో కొత్తరకం చిన్నకార్లు రోడ్ల మీద అప్పుడప్పుడే కనబడుతున్న రోజుల్లో నాయన ఒకటి కొన్నాడు. నడిపింది తక్కువ, పూజించింది ఎక్కువ. ప్రతి శుక్రవారం దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందు ఎడమ చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు చక్రానికి పోసి, హారతిచ్చి మళ్ళీ దుప్పటి కప్పేసేవాడు. అమ్మకు ఒకటే కోరిక. ఆ కారులో నగరికి పోయి వాళ్ళ అక్క ఇంటి ముందు దిగాలి. నాయన "వచ్చే వారం పోదాం" అంటూ వారాలు గడిపేశాడు.

చివరికి ఒక శుక్రవారం పూజ కాగానే బయల్దేరాం. అమ్మ పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. వీధి మలుపు తిరిగేసరికి కారు ముందుకు పోనని మొరాయించింది. ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. తాకితే చెయ్యి చుర్రుమంది. ఇరుగుపొరుగు వాళ్ళను పిలిచి ఎలాగో ఇంటికి తోసుకొచ్చాం.

"అచ్చిరాని బండిరా ఇది. శ్రీకాళహస్తి షావుకారు ఎప్పటినించో అడగతా ఉండాడు. ఆదివారం సాయంత్రం వచ్చి తీసకపొమ్మంటా," అన్నాడు నాయన. అనడమే కాదు, ఫోను కూడా చేసేశాడు. అమ్మ పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టేసింది. అది చూసి నేను పనిముట్ల పెట్టె బయటికి తీశాను.

స్కూటరు విప్పి బిగించిన ధైర్యంతో చక్రం ఊడదీశాను. మా కారుకు ముందు వైపు డిస్కు బ్రేకులు. చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్ళను రెండు పక్కలా పట్టుకునే దాన్ని క్యాలిపర్ అంటారు. బ్రేకు తొక్కితే అందులోని పిస్టన్ ముందుకొచ్చి బిళ్ళను పట్టుకోవాలి, కాలు తీస్తే వదిలెయ్యాలి. మాది పట్టుకోవడం తప్ప వదలడం మరిచిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ తుప్పు, బంక. పైనున్న రబ్బరు తొడుగు చిరిగిపోయింది, లోపలి రింగు చెడిపోయింది. తిరుపతిలో అడిగిన ప్రతి కొట్లోనూ పాతరకం డ్రమ్ము బ్రేకుల సామానే ఉంది. చిత్తూరులో దొరకవచ్చునన్నారు.

శనివారం తెల్లవారి ఆరు గంటల బస్సెక్కాను. సైజు సరిచూడాలి కదా అని క్యాలిపర్‌ను పెళ్ళిలో ఇచ్చిన పసుపు గుడ్డసంచిలో వేసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఈ దారిన పోయేవాళ్ళు కుడి పక్క కిటికీ చూసుకుని కూర్చోండి. పొద్దుటి ఎండ తగలదు, చంద్రగిరి కోట కూడా కనబడుతుంది.

కండక్టరు సంచి చూసి, "ఎవురి పెళ్ళికప్పా?" అన్నాడు.

"పెళ్ళికి కాదు. బ్రేకు పట్టేసింది," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి డ్రైవరు వైపు చూశాడు. మా కారు బ్రేకని చెప్పాక, "రోంత మెల్లిగా సెప్పప్పా, జనం దిగిపోతారు," అని టిక్కెట్టు చించాడు.

చిత్తూరులో బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ కారం గూబల్లోకెక్కింది గానీ ఇడ్లీ మెత్తగా ఉంది. సామాను కొట్లన్నీ వరసగా తిరిగితే ఐదో కొట్లో రబ్బరు సెట్టు దొరికింది. కొట్టాయన క్యాలిపర్‌ను చేతిలోకి తీసుకుని, "ఇదేందబ్బా, కుంకుమ పూసుకోనుండాది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికీ నా బుర్రకు తట్టలేదు. రబ్బరు సెట్టూ, ఒక డబ్బా బ్రేకు ఆయిలూ కొనుక్కుని మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాను.

తిరుగు బస్సులో నా పక్కన ఒక అవ్వ, ఒళ్ళో చింతపండు గంప. కాస్త దూరం పోయాక ముక్కు చిట్లించింది.

"నాయనా, నీ సంచిలో కొబ్బరికాయ కుళ్ళినట్టుండాది. అవతల పారెయ్."

"కొబ్బరికాయ కాదవ్వా, కారు బ్రేకు."

"నాకు కండ్లు పోయినాయి గానీ ముక్కు పోలా. పులిసిన కొబ్బరినీళ్ళ వాసన నాకు తెలీదా?"

నేనూ సంచిలో తలపెట్టి వాసన చూశాను. నిజమే! ఎన్ని శుక్రవారాలు, ఎన్ని కాయల నీళ్ళు! చిరిగిన తొడుగులోంచి నీళ్ళు లోపలికి దిగి, దుప్పటి కింద కారు కదలకుండా ఉంటే తుప్పు పట్టక ఏమవుతుంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కారణం దొరికిందన్న సంతోషం తిరుపతి చేరేలోపు ఆవిరైపోయింది. ఈ మాట నాయనకు చెప్పేదెవరు?

ఇంటికి రాగానే పని మొదలుపెట్టాను. నున్నటి ఎమెరీ కాగితంతో తుప్పు వదిలించి, కొత్త రబ్బర్లు వేసి, పిస్టన్‌ను వేళ్ళతో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. క్యాలిపర్‌ను కారుకు బిగించాను. ఇక పైపుల్లో చేరిన గాలి బయటికి పోవాలి. అందుకు ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు క్యాలిపర్ మీది నట్టు వదులు చేసి, గాలి పోయాక మళ్ళీ బిగించాలి. నాయన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పిలిస్తే పేపరు ఇంకాస్త పైకెత్తాడు. అమ్మే కొంగు బిగించి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"తొక్కమ్మా... పట్టుకో... నట్టు బిగించేదాకా వదలొద్దు."

"పట్టుకోనుండా లేరా. ఇంతకీ ఎందుకు పట్టేసిందంట?"

గొంతు తగ్గించి చెప్పాను. అమ్మ బ్రేకు మీద కాలు తియ్యకుండానే పకపకా నవ్వింది. ఆ తర్వాత వీధి వాళ్ళకు కూడా వినబడేలా అంది:

"వింటాండావా? చక్రానికి దప్పికేస్తాదని ఎవురు సెప్పినారు నీకు?"

పేపరు కిందికి దిగింది. నాయన నావైపు చూశాడు, చక్రం వైపు చూశాడు, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కోపంతో బండిని తప్పకుండా అమ్మేస్తాడని నాకు భయం పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే నాయన తనే దుప్పటి తీశాడు. చక్రాన్ని పొడిగుడ్డతో, పొడిగుడ్డతోనే, తుడిచాడు. "మీ అమ్మను పట్టుచీర కట్టుకోమను," అన్నాడు నాతో.

వడమాలపేటలో ఆపి చక్రం మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. నగరిలో పెద్దమ్మ వాళ్ళ వీధి నిండా మగ్గాల చప్పుడు. నాయన హారను కొట్టాడు. పెద్దమ్మ గడప దాటి బయటికి వచ్చేదాకా అమ్మ కారు దిగలేదు. ఆ దిగడం చూస్తే నా చేతులకు అంటిన తుప్పంతా వదిలిపోయినట్టనిపించింది.

వచ్చేటప్పుడు పెద్దమ్మ అమ్మకు తాంబూలంలో కొబ్బరికాయ పెట్టింది. దారి పొడుగునా అది అమ్మ కాళ్ళ దగ్గర దొర్లుతూనే ఉంది. తిరుపతి నుంచి నగరికి గంటన్నర కూడా పట్టదు, మాకు చిత్తూరు మీదుగా మూడు రోజులు పట్టింది. అయినా అంత బాగున్న ప్రయాణం నేను మళ్ళీ చెయ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి షావుకారు అరుగు మీద కాచుకుని ఉన్నాడు. అమ్మ దిగకుండా సీట్లోనే ఉండిపోయింది. నాయన కొబ్బరికాయ అందుకుని ఎడమ చక్రం దగ్గరికి నడిచాడు. మళ్ళీ చక్రానికే పోస్తాడేమోనని అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఒక గ్లాసు తేరా," అన్నాడు నాతో.

పరుగున తెచ్చాను. కాయ కొట్టి, ఒక్క చుక్క కింద పడకుండా నీళ్ళన్నీ గ్లాసులో పట్టి షావుకారు చేతికిచ్చాడు.

"యండన పడి వచ్చినావు, తాగప్పా. బండి మాత్రం అమ్మేది లే."